12 మిల్లీమీటర్ల గొంతు



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం, సంగారెడ్డి ప్రాంతాల్లో మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరినవారికీ, రాత్రి షిఫ్టుకు బయలుదేరే ముందు కాసేపు రేడియో దగ్గర కూర్చున్నవారికీ నమస్కారం. ఈ పూట మీతో ఒక ఇత్తడి వాద్యం గురించి మాట్లాడతాను. దాని పేరు ట్రాంబోన్. అందులోనూ 1930ల నుంచి 1950ల దాకా అమెరికాలో జాజ్ వాద్యకారుల చేతుల్లో వెలిగిన సన్న గొట్టపు ట్రాంబోన్ గురించి. ఆ తర్వాత దానికంటే పెద్దవి, బరువైనవి, ఖరీదైనవి ఎన్నో వచ్చాయి. అయినా మంచి వాద్యకారులు ఇవాళ్టికీ ఆ పాతదాన్ని వెతుక్కుంటూ పోతారు. దొరికితే ప్రాణంగా చూసుకుంటారు.

ఎందుకు అంటే, ఆ జవాబులో సగం సంగీతం, సగం ఫిట్టర్ పని. ఆ రెండో సగం మీకు చెప్పినంత సులువుగా నేను ఇంకెవరికీ చెప్పలేను. 1960 దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చి ఆవిరి టర్బైన్లు, కంప్రెసర్లు చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ నేల మీద ఎన్నో కుటుంబాలు లోహాన్ని నమ్ముకుని బతికాయి. ఎద్దుమైలారంలో 1984లో వెలసిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, భానూరులో భారత్ డైనమిక్స్, ఈ పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న చిన్న షాపులు, ఇవన్నీ కలిసి ఈ ప్రాంతానికి ఒక విద్య నేర్పాయి. బోరు అన్నా, హోనింగ్ అన్నా, క్లియరెన్స్ అన్నా, మైక్రాన్ అన్నా ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఆ పాత ట్రాంబోన్ గొప్పతనం ఫిట్టర్ చేతి కొలతలోనూ, వాద్యకారుడి ఊపిరిలోనూ సమానంగా ఉంది. ఆ కొలత విద్య మన దగ్గర పుష్కలంగా ఉంది. దాన్ని మన ఊరి బ్యాండువాళ్ల వాద్యాలకు కూడా ఉపయోగించాలి.

ముందు వాద్యం రూపం చూద్దాం. రేడియోలో బొమ్మ చూపించలేం కనక మాటల్లో గీస్తాను. దాదాపు 2.7 మీటర్ల, అంటే 9 అడుగుల ఇత్తడి గొట్టాన్ని రెండు మలుపులు తిప్పి, భుజం మీద ఇమిడేలా మడిచారనుకోండి. ఒక కొసన పెదవులు ఆనించే మౌత్‌పీస్ ఉంటుంది. రెండో కొసన వెడల్పుగా విచ్చుకున్న బెల్ ఉంటుంది. మధ్యలో ఉన్నది స్లైడ్. అంటే పక్కపక్కన సమాంతరంగా నిలబడ్డ రెండు లోపలి గొట్టాలు, వాటి మీద తొడుక్కుని ముందుకూ వెనక్కీ జారే ఒక బయటి గొట్టం. కుడిచేత్తో స్లైడ్‌ను ముందుకు తోస్తే గొట్టం పొడవు పెరిగి స్వరం దిగుతుంది. వెనక్కి లాగితే స్వరం ఎక్కుతుంది. ట్రంపెట్‌కి ఉన్నట్టు నొక్కడానికి వాల్వులు లేవు. వేణువుకు ఉన్నట్టు రంధ్రాలు లేవు. వీణకు ఉన్నట్టు మెట్లు లేవు.

ఆ స్లైడ్ మీద 7 స్థానాలున్నాయి. ఒక్కో స్థానం ముందుకు పోతే అరస్వరం చొప్పున దిగుతుంది. ఇవి సమాన దూరాల్లో ఉండవు. అరస్వరం దిగాలంటే గొట్టం పొడవు దాదాపు 6 శాతం పెరగాలి. పొడవు పెరిగేకొద్దీ ఆ 6 శాతం కూడా పెద్దదవుతూ పోతుంది. అందువల్ల మొదటి స్థానం నుంచి రెండోదానికి స్లైడ్ సుమారు 8 సెంటీమీటర్లు జరిగితే చాలు. ఆరో స్థానం నుంచి ఏడోదానికి 11 సెంటీమీటర్లకు దగ్గరగా జరగాలి. స్లైడ్ మీద గీతలేవీ గీసి ఉండవు. చెవి చెబుతుంది, చెయ్యి ఆ మాట వింటుంది. స్కేలు, వెర్నియర్ లేకుండా ప్రతి క్షణం కొలుస్తూ పోయే పని ఇది.

ఇక అసలు సంగతి, గొట్టం లావు. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో నేడు వాడే టెనర్ ట్రాంబోన్ బోరు సాధారణంగా 13.9 మిల్లీమీటర్లు. జాజ్ వాద్యకారులు మెచ్చే కింగ్ 2బీ అనే నమూనా బోరు 12.2 మిల్లీమీటర్లు. చూస్తే రెండింటికీ తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ వైశాల్యం లెక్కకట్టండి. లావు గొట్టంలో గాలికి దొరికే దారి దాదాపు 30 శాతం ఎక్కువ. కింగ్ 2బీలో ఇంకో విశేషం కూడా ఉంది. స్లైడ్ రెండు కాళ్లూ ఒకే లావు ఉండవు. ఒకటి 12.2 మిల్లీమీటర్లయితే రెండోది 12.5 మిల్లీమీటర్లు. ఆ పావు మిల్లీమీటరు తేడా కావాలని పెట్టింది. బెల్ వెడల్పు కూడా 19 సెంటీమీటర్లు దాటదు. ఆర్కెస్ట్రా ట్రాంబోన్ బెల్ 21 సెంటీమీటర్లు దాటుతుంది.

ఈ చిన్న కొలతలు వాయించేవాడికి ఏం చేసిపెడతాయి? మొదటిది, ఊపిరికి పట్టు దొరుకుతుంది. లావు గొట్టంలోకి ఊదితే గాలి ఎటుపోయిందో తెలియనట్టు పోతుంది. దాన్ని నింపడానికి రొమ్ము నిండా గాలి కావాలి. సన్న గొట్టం ఆ ఊపిరికి కాస్త ఎదురు నిలుస్తుంది. ఆ ఎదురు మీద ఆనుకుని వాద్యకారుడు ఒకే ఊపిరిలో పొడవైన వాక్యం పలికించగలడు. పై స్థాయి స్వరాలు తేలిగ్గా అందుతాయి. త్వరత్వరగా మారే స్వరాలు ఒకదానిమీద ఒకటి పడిపోకుండా విడివిడిగా పలుకుతాయి.

రెండోది, నాదంలో రంగులు. మెల్లగా ఊదినప్పుడు ఈ వాద్యం మనిషి మాట్లాడినంత మెత్తగా పలుకుతుంది. గట్టిగా ఊదితే గొట్టంలో ధ్వని ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి బాగా పెరిగినప్పుడు ధ్వని తరంగం ముందు అంచు నిటారుగా లేస్తుంది. అప్పుడు మూలస్వరం మీద ఉండే పై స్వరాంశాలన్నీ మేలుకుని, ఇత్తడి వాద్యాలకే ప్రత్యేకమైన ఆ ధగధగ వస్తుంది. గొట్టం ఎంత సన్నగా ఉంటే ఈ మార్పు అంత తొందరగా వస్తుంది. లావు గొట్టం ట్రాంబోన్‌తో ఆ ధగధగ తేవాలంటే హాలు అదిరిపోయేలా ఊదాలి. సన్న గొట్టంతో చిన్న గదిలో, పదిమంది ముందు, ఎవరి చెవులకూ నొప్పి పుట్టకుండా గుసగుస నుంచి గర్జన దాకా అన్ని రంగులూ చూపించవచ్చు. జాజ్ చాలావరకు పెరిగింది అలాంటి చిన్న గదుల్లో, మైకుల ముందు. అందుకే జాజ్‌కీ ఈ గొట్టానికీ అంత చక్కగా కుదిరింది.

ఆ పొత్తు ఎలా కుదిరిందో కొందరు వాద్యకారుల జీవితాల్లో చూడవచ్చు. జాజ్ పుట్టిల్లు న్యూ ఆర్లీన్స్. 20వ శతాబ్దం తొలి రోజుల్లో అక్కడ బ్యాండువాళ్లను బండి మీద ఎక్కించి ఊరంతా తిప్పేవారు. స్లైడ్ చాపడానికి చోటు కావాలి కనక ట్రాంబోన్ వాద్యకారుణ్ణి బండి వెనక అంచున కూర్చోబెట్టేవారు. ఆ చోటి పేరు మీదే టెయిల్‌గేట్ శైలి ఏర్పడింది. కిడ్ ఓరీ ఆ శైలికి పెద్దదిక్కు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందం 1925 నుంచి ఇచ్చిన రికార్డుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యం కింద బరువుగా జారుతూ, దారి చూపుతూ వినబడేది ఆయన ట్రాంబోనే.

1905లో టెక్సస్‌లో పుట్టిన జాక్ టీగార్డెన్ చిన్నతనంలోనే ఈ వాద్యం పట్టారు. పిల్లవాడి చెయ్యి దూరపు స్థానాలకు అందదు. అందుకని స్లైడ్‌ను దగ్గరి స్థానాల్లోనే ఉంచి, మిగతా పని పెదవులతో చేయడం అలవాటు చేసుకున్నారు. పెద్దయ్యాక అదే ఆయన శైలి అయింది. చెయ్యి కదిలినట్టే ఉండదు, పాట మాత్రం అలవోకగా సాగిపోతుంది. ఆయనకు యంత్రాలన్నా, ఆవిరితో నడిచే పాతకాలపు కార్లన్నా మహా ఇష్టం. 1958, 59 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం పంపగా ఆయన బృందం భారతదేశంతో సహా ఆసియా దేశాలెన్నో తిరిగి వాయించింది.

అదే 1905లో పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టారు టామీ డార్సీ. ఒక్క ఊపిరితో ఎంత పొడవు రాగం లాగవచ్చో ఆయన ట్రాంబోన్ మీద చూపించారు. 1940లో ఆయన బ్యాండులో పాడడానికి చేరిన కుర్ర గాయకుడు ఫ్రాంక్ సినాట్రా, రోజూ వేదిక మీద డార్సీ వెనక కూర్చుని ఆయన ఊపిరి తీసుకునే తీరు గమనించేవారు. వాక్యం తెగకుండా పాడడం అక్కడే నేర్చుకున్నానని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఒక వాద్యం గాయకుడికి గురువు కావడానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుంది?

మన ప్రాంతపు శ్రోతలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పేరు జె.జె. జాన్సన్. 1940లలో జాజ్ వేగం ఒక్కసారిగా పెరిగింది. ట్రంపెట్, సాక్సాఫోన్ వాళ్లు మెరుపులా పరిగెత్తుతుంటే స్లైడ్ వాద్యం వెనకబడిపోతుందని చాలామంది అనుకున్నారు. జాన్సన్ ఆ వేగాన్ని స్లైడ్ మీద సాధించారు. రికార్డు విన్నవాళ్లు ఆయన వాల్వుల ట్రాంబోన్ వాయిస్తున్నారేమోనని భ్రమపడ్డారు. అంతటి విద్వాంసుడు కూడా సంగీతంతో ఇల్లు గడవక 1952 నుంచి 1954 దాకా న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని స్పెర్రీ జైరోస్కోప్ కంపెనీలో బ్లూప్రింట్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. డ్రాయింగులో కొలతలు సరిచూసే పని. ఆ ఉద్యోగం వదిలిన ఏడాదే కాయ్ వైండింగ్‌తో కలిసి రెండు ట్రాంబోన్ల బృందం పెట్టి మళ్లీ వెలుగులోకి వచ్చారు. క్వాలిటీ విభాగంలో పనిచేస్తూ సాయంత్రం హార్మోనియం ముందో తబలా ముందో కూర్చునేవారు మన కాలనీల్లోనూ ఉన్నారు. జాన్సన్ వాళ్ల మనిషే.

మెల్బా లిస్టన్‌ను కూడా తలచుకోవాలి. ఆడవాళ్లు ఇత్తడి వాద్యం పట్టడమే వింతగా చూసిన రోజుల్లో ఆమె ట్రాంబోన్ వాయించారు, పెద్ద పెద్ద బ్యాండ్లకు స్వరరచన చేసిపెట్టారు. 1956లో ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ బ్యాండుతో విదేశ యాత్రకు వెళ్లి, మన పొరుగున కరాచీలోనూ ఢాకాలోనూ వాయించిన బృందంలో ఆమె ఉన్నారు.

ఇలాంటివారి చేతుల్లోకి ఈ వాద్యాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఫ్యాక్టరీల ఊళ్ల నుంచి. కింగ్ ట్రాంబోన్లు చేసింది హెచ్.ఎన్. వైట్ కంపెనీ. హెండర్సన్ వైట్ 1893లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లండ్‌లో ఆ వ్యాపారం మొదలుపెట్టారు. ఆ ఊరి ట్రాంబోన్ వాద్యకారుడు థామస్ కింగ్ దగ్గర కూర్చుని, ఆయనకు ఏం కావాలో అడిగి తెలుసుకుని నమూనా తయారుచేశారు. అందుకే వాద్యానికి ఆయన పేరు పెట్టారు. క్లీవ్‌లండ్ ఉక్కుకూ యంత్రపరికరాలకూ పేరుపడ్డ ఊరు. మరో పెద్ద పేరు కాన్. ఆ ఫ్యాక్టరీ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో ఉండేది. అది కూడా కార్మికుల ఊరే. వాద్యకారుడు, మెషినిస్టు ఒకే ఊళ్లో ఉండి ఒకరి మాట ఒకరు విన్నప్పుడే గొప్ప వాద్యం పుట్టింది. ఈ విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

తయారీ సంగతి చూడండి. బెల్‌కు వాడేది ఎక్కువగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి రేకు. రాగి పాలు 85కో 90కో పెంచితే నాదం కాస్త మెత్తబడుతుందని వాద్యకారులు అంటారు. కింగ్ కంపెనీ కొన్ని నమూనాలకు వెండి బెల్ కూడా పెట్టింది. రేకును కత్తిరించి, మడిచి, అంచులు కలిపి అతికి, ఇనుప అచ్చు మీద వేసి సుత్తితో కొడతారు. కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. పగలకుండా మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. మళ్లీ కొడతారు. చివరికి అర మిల్లీమీటరు మందం మిగులుతుంది. జనగామ దగ్గర పెంబర్తి విశ్వకర్మల పని చూసినవారికి ఇదంతా తెలిసిన విద్యే. గుడి తలుపులకు తాపడం చేసినా, దేవుడి వాహనాలకు తొడుగు చేసినా, వాళ్లు రేకును కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి దారికి తెచ్చుకుంటారు.

అసలైన పరీక్ష స్లైడ్ దగ్గర వస్తుంది. లోపలి గొట్టాల మీద క్రోమ్ పూత ఉంటుంది. వాటి చివర కొద్ది సెంటీమీటర్ల మేర వ్యాసం రవ్వంత ఎక్కువ ఉంటుంది. బయటి గొట్టాన్ని తాకేది ఆ భాగమే. ఆ రెండింటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. ఖాళీ ఎక్కువైతే గాలి తప్పించుకుంటుంది, తక్కువైతే స్లైడ్ బిగుసుకుంటుంది. వంటింట్లో రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే విడదీయడానికి ఎంత అవస్థో మనకు తెలుసు. ఇక్కడ అలాంటి జతలు రెండు పక్కపక్కన ఉండి, రెండూ ఒకేసారి, అర మీటరుకు పైగా, చేతికి బరువు తెలియకుండా జారాలి. అంటే నాలుగు గొట్టాలూ తిన్నగా ఉండాలి, రెండు జతలూ ఖచ్చితంగా సమాంతరంగా ఉండాలి. మంచి మెకానిక్కులు స్లైడ్‌ను సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి చూస్తారు. మీ షాపులో వాడే అదే సర్ఫేస్ ప్లేట్.

పరీక్ష చేసే పద్ధతి కూడా సులువైనదే. స్లైడ్‌ను నిలువుగా పట్టుకుని బయటి గొట్టాన్ని నెమ్మదిగా వదిలితే ఎక్కడా తట్టకుండా దానంతట అది దిగిపోవాలి. కింద పడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. తర్వాత పైన ఉన్న రెండు రంధ్రాలూ వేళ్లతో గట్టిగా మూసి మళ్లీ వదిలితే ఈసారి జారకుండా ఆగాలి. మొదటి పరీక్ష నునుపు చెబుతుంది, రెండోది బిగి చెబుతుంది. రెండింట్లోనూ నెగ్గిన పాత ట్రాంబోన్‌కు 80 ఏళ్ల వయసున్నా అది వాయించదగ్గదే. నెగ్గకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా గోడకు అలంకారంగానే మిగులుతుంది. పాతది కాబట్టి గొప్పదని నేను అనను. కొలత చెడకుండా పాతబడింది కాబట్టి గొప్పది.

పాతదాన్ని వెతుక్కోవడానికి ఇంకో కారణం ధర. 20వ శతాబ్దం నడిమి కాలం నుంచి సింఫనీ ఆర్కెస్ట్రాలు లావు గొట్టానికి మారాయి. హాళ్లు పెద్దవయ్యాయి, గంభీరమైన నిండు నాదం కావలసి వచ్చింది. సంగీత కళాశాలలు కూడా ఆ దారే పట్టాయి. దాంతో సన్న గొట్టపు వాద్యాలు చాలావరకు అటకలెక్కాయి, పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. ఒకప్పుడు పెద్ద బ్యాండ్లలో మోగిన వాద్యాన్ని కొత్త వాద్యం ధరలో కొద్ది భాగానికే కొనుక్కునే అవకాశం ఇప్పటికీ చాలా దేశాల్లో ఉంది. డబ్బు తక్కువున్న కుర్రవాడికి అది వరం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడింది. బ్రిటిషు పటాలాలతో పాటు వాళ్ల ఇత్తడి బ్యాండ్లూ వచ్చాయి. దేశమంతటా జరిగినట్టే ఇక్కడా ఆ సంగీతం కవాతు మైదానం దాటి ఊరేగింపుల్లోకి, పెళ్లి బరాత్‌ల్లోకి నడిచి వచ్చింది. క్లారినెట్, ట్రంపెట్, సాక్సాఫోన్, యుఫోనియం, డ్రమ్ములు మన పెళ్లి బ్యాండులో భాగమయ్యాయి. ఆ వాద్యాల్లో అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి వస్తాయి. అక్కడి జలీ కోఠీ వీధి ఇత్తడి వాద్యాలకు పెట్టింది పేరు. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఇప్పటికీ ఆ ఊరి పేరు నిలబెడుతోంది.

బొంబాయి హోటళ్లలో 1930లలో జాజ్ వెల్లివిరిసింది. 1935లో లియాన్ అబ్బీ అనే నల్లజాతి సంగీతకారుడు తన బృందంతో వచ్చి బొంబాయిలో వాయించారు. అక్కడ ఆ సంగీతం వంటబట్టించుకున్న గోవా వాద్యకారులు హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరారు. మద్రాసు స్టూడియోల్లోనూ ఇత్తడి వాద్యాల వరస ఒకటి ఏర్పడింది. ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాటలు ఈసారి విన్నప్పుడు గొంతు వెనక మోగే ఆ ఇత్తడి మీద చెవి పెట్టండి. జాజ్ మన ఇంటికి ఎంత దూరం నడిచి వచ్చిందో తెలుస్తుంది.

అయితే మన పెళ్లి బ్యాండ్లలో స్లైడ్ ట్రాంబోన్ అరుదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఇరుకు సందులో జనం మధ్య నడుస్తూ అర మీటరు ముందుకు చెయ్యి చాపడం కుదరదు. వాల్వులున్న వాద్యం నేర్పడం తేలిక. ట్రంపెట్‌కు చిన్న సొట్ట పడినా పలుకుతుంది, స్లైడ్‌కు సొట్ట పడితే ఆ పూటతో కచేరీ ఆగిపోతుంది. బాగుచేసే మనిషి దగ్గర్లో లేనప్పుడు అలాంటి వాద్యాన్ని ఎవరు కొంటారు?

నిజానికి మన సంగీతానికి ఈ వాద్యం ఎంతో దగ్గరిది. మనకు గమకం ప్రాణం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోవడాన్ని జారు అని గుర్తించి, దానికి స్థానం ఇచ్చిన సంగీతం మనది. మెట్లు, మీటలు ఉన్న వాద్యాల మీద జారు పలికించడానికి ఎంతో సాధన చేయాలి. ట్రాంబోన్‌కు అది పుట్టుకతో వచ్చింది. స్లైడ్‌ను ఏడో స్థానం నుంచి మొదటి స్థానానికి ఒక్క ఊపులో లాగితే షడ్జమం నుంచి ప్రతిమధ్యమం దాకా మధ్యలో ఉన్న ప్రతి శ్రుతినీ తాకుతూ పోతుంది. దీనితో ఒక కష్టం కూడా ఉంది. జారకూడని చోట కూడా జారిపోతుంది. అందుకే చెయ్యి కదిలే క్షణంలో నాలుకతో సుతారంగా గాలిని అడ్డుకుని, స్వరాన్ని స్వరం నుంచి విడదీయడం నేర్చుకోవాలి. ఎక్కడ జారాలో, ఎక్కడ జారకూడదో తెలిసినవాడే విద్వాంసుడు. ఆ మాట మన సంగీతానికీ వర్తిస్తుంది, జాజ్‌కీ వర్తిస్తుంది.

పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి తెచ్చారు. కద్రి గోపాల్‌నాథ్ సాక్సాఫోన్‌ను తెచ్చారు. వయొలిన్‌ను మనం ఎప్పుడో సొంతం చేసుకున్నాం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది మన తెలుగు వాద్యమే అయిపోయింది. సన్న గొట్టపు ట్రాంబోన్‌కు కూడా అలాంటి మనిషి దొరకాలని నా కోరిక. ఆ మనిషి ఈ సంగారెడ్డి జిల్లాలోనే, ఏ పెళ్లి బ్యాండు కుటుంబంలోనో ఇప్పటికే ట్రంపెట్ ఊదుతూ ఉండవచ్చు.

ఆ మనిషి రావాలంటే బాగుచేసే చేతులు ముందు సిద్ధంగా ఉండాలి. పటాన్‌చెరు ప్రాంతపు మెషినిస్టులకు, ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో చదివే పిల్లలకు నా విన్నపం ఇదే. వంగిన గొట్టం తిన్నగా చేయడం, సర్ఫేస్ ప్లేట్ మీద సమాంతరం సరిచూడడం, లోపల సరైన కొలత మాండ్రెల్ పెట్టి సొట్ట తీయడం, ఊడిన అతుకును టంకంతో మళ్లీ పెట్టడం మీకు చేతనైన పనులే. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2008లో అది మొదలైంది ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ప్రాంగణంలోనే. ఇత్తడి గొట్టంలో ధ్వని ఎలా నడుస్తుందో కొలిచి చూడాలనే విద్యార్థికి మన బ్యాండువాళ్ల వాద్యాలకన్నా మంచి పాఠం దొరకదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. స్లైడ్ మీద ఎమరీ కాగితం పెట్టవద్దు. క్రోమ్ ఊడిపోయిన గొట్టానికి షాపులో మామూలు ప్లేటింగ్ చేయిస్తే కొలత మారి స్లైడ్ బిగుసుకుంటుంది, అలాంటి గొట్టాన్ని మార్చడమే దారి. బెల్‌ను బఫింగ్ చక్రానికి ఇవ్వవద్దు. అర మిల్లీమీటరు రేకులో ప్రతి మెరుపూ కొంత లోహాన్ని తినేస్తుంది. ఇత్తడి మీద గులాబీరంగు మచ్చలు కనబడితే తుడిచి వదిలేయకండి. లోపలి నుంచి జింకు కరిగిపోయి రాగి మిగులుతోందని దానర్థం. చాలాకాలం ఉమ్మి తడి లోపల నిలిచిపోతే అలా జరుగుతుంది. వాయించాక తడి వంపేయడం, అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లతో, కాస్త సబ్బుతో కడగడం దీనికి విరుగుడు. స్లైడ్‌కు మెషిన్ ఆయిల్ వద్దు. పాతకాలపు వాద్యకారులు పాండ్స్ కోల్డ్ క్రీమ్ పలచగా రాసి, పైన నీళ్లు చిలకరించుకునేవారు. ఇప్పుడు స్లైడ్ కోసమే చేసిన క్రీములు దొరుకుతున్నాయి. ఎండాకాలం ముహూర్తాల్లో గాలి వేడెక్కి అన్ని ఇత్తడి వాద్యాల శ్రుతీ పైకి పోతుంది. బెల్ వైపు ఉన్న ట్యూనింగ్ గొట్టాన్ని కొద్దిగా బయటికి లాగి సరిచేసుకోవాలి.

చివరగా బ్యాండు మేళాల పెద్దలకు ఒక మాట. మూఢం రోజుల్లో, ఆషాఢం, పుష్య మాసాల్లో పెళ్లిళ్లుండవు. వాద్యాలు మూలన పడి ఉండే ఆ రోజుల్లో వాటిని దగ్గర్లో ఉన్న నమ్మకమైన షాపుకు తీసుకెళ్లండి. మీకేం కావాలో వాయించి చూపించండి. షాపు పెద్దలారా, వచ్చిన మనిషి చెప్పేది చెవి ఒగ్గి వినండి, ఆ తర్వాతే పనిముట్టు చేతిలోకి తీసుకోండి. క్లీవ్‌లండ్‌లో హెండర్సన్ వైట్, థామస్ కింగ్ చేసిన పని అంతే. ఒకరు వాయించారు, ఒకరు విన్నారు, తర్వాత ఇద్దరూ కలిసి కొలిచారు. వాళ్లు వేసిన బాటలో వచ్చిన వాద్యం కోసం ప్రపంచం ఇప్పటికీ వెతుకుతోంది. అలాంటి స్నేహానికి కావలసిన ఇద్దరూ పటాన్‌చెరులో, సంగారెడ్డిలో నాలుగు వీధుల దూరంలోనే ఉన్నారు. వచ్చే మూఢంలో ఒకరి గడప ఒకరు తొక్కండి.